డిచ్‌పల్లి వైద్యాలయము: ఒక క్రైస్తవ వైద్యురాలు, ఒక హిందూ దాత

మన మహాసభా సంచికలలో దాతల నామావళి మొదటి పుటలలో అచ్చుపడుట చిరకాలముగ వచ్చుచున్న మర్యాద. వసతిగృహమునకు గది కట్టించినవారు, విద్యార్థులకు వేతనము లేర్పరచినవారు, కల్యాణమంటపమునకు నేల యిచ్చినవారు, అందరును అందు కనబడుదురు. ఆ పట్టికను చూచునపు డెల్ల నాకు మన యుత్తర తెలంగాణమున నూరేండ్లకు పూర్వము దానము చేసిన యొకరి పేరు స్మృతికి వచ్చుచుండును. ఆయన నిజామాబాదు వాస్తవ్యులు రాజా నర్సాగౌడుగారు. వారి ధనముతో డిచ్‌పల్లిలో లేచిన కట్టడము తమవారి సత్రము గాదు. తమ దేవుని గుడియును గాదు. తమ మతమునకు చెందని దంపతుల చేతిలో, ఊరివా రెవ్వరును ముట్టనొల్లని రోగుల కొరకు, వారా ధనమును పెట్టిరి.

సంఘ సంచికకు చరిత్రవ్యాసము వ్రాయుమనగా కులపురాణమునో, గోత్రనిర్ణయమునో వ్రాయుదునని కార్యదర్శిగారు తలచియుందురు. అట్టివి మునుపటి సంచికలలో పండితులు వ్రాసియే యున్నారు. క్రైస్తవుల సేవను గూర్చి మన సంచికలో నేల యని యెవరైన నడిగినచో, ఆ చరిత్రలో సగము మనదియే గనుక నని నా ప్రత్యుత్తరము. ఎట్లు మనదియో ముందు తెలియగలదు.

మా ఇబ్రహీంపురము సిద్దిపేట ప్రాంతములోనిది. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన సిద్దిపేట జిల్లా యేర్పడు వరకు మేము మెదకు జిల్లావారమే. అందుచేత క్రైస్తవ సేవ యనగానే మా ప్రాంతమువారి మనస్సునకు ముందుగ తట్టునది మెదకు చర్చి. 1914లో మొదలిడి 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిపిన యా మహామందిరమును చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించెను. వెడల్పు నూరడుగులు, నిడివి రెండు వందల యడుగులు, గంటగోపుర మెత్తు నూటడెబ్బదియైదడుగులు. కరవునాళ్లలో కూలిపని చూపి కూడు పెట్టుటకే యా నిర్మాణము తలపెట్టబడెనని మాలో వృద్ధులు చెప్పుకొందురు. గోపురము చార్మినారును మించెనా, నిజాము ప్రభువు కోపించెనా యనువాటికి నేను పూచీపడను. ఆ కట్టడమును గూర్చి వ్రాసినవారు పెక్కురు. నేను దానికి నమస్కరించి వాయవ్యముగ నిజామాబాదు దారి పట్టెదను.

అంతకు ముందు రోగమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. దానిని మనవారు పెద్దరోగ మనిరి. శాస్త్రకారులు కుష్ఠ మనిరి. కాని యాయుర్వేదమున కుష్ఠ మనగా నొకటి గాదు, ఏడు మహాకుష్ఠములు, పదునొకండు క్షుద్రకుష్ఠములు, మొత్తము పదునెనిమిది చర్మరోగముల కది సమష్టినామము. అందొకటియే నేడు వైద్యులు హాన్సెను వ్యాధి యనునది. సుశ్రుతుడు నిదానస్థానమున నీ రోగమును గూర్చి రెండు మాటలు పక్కపక్కనే చెప్పినాడు. సన్నిహిత సంసర్గముచేతను సహభోజనాదులచేతను ఒకరినుండి యొకరికి సంక్రమించు రోగములలో నిది యొకటి యనుట మొదటిది; పాపకర్మ ఫలమనియు, దానితో మరణించినవానికి మరుజన్మమునను తప్పదనియు ననుట రెండవది. మొదటిమాట వైద్యునిది. రెండవమాట లోకులది. మన గ్రామములు రెండవదానినే గట్టిగ పట్టుకొనినవి.

ధర్మశాస్త్రమునకు వచ్చితిమా, యాజ్ఞవల్క్యుడు దాయభాగమునకు అనర్హులైనవారిని పేర్కొనుచు ‘అచికిత్స్యరోగి’ని గూడ అందు చేర్చినాడు. చికిత్సకు లొంగని వ్యాధిగలవాడని యర్థము. వానికి పాలు లేదు; కాని వానిని పోషింపవలెనని యా స్మృతియే విధించినది. స్మృతి నియమములో మొదటిసగము మనము తప్పక పాటించితిమి. రెండవసగము, ఊరి వెలుపల గుడిసె వేసి ఆకులో మెతుకులు దూరమునుండి విసరుట వరకు దిగజారినది. నా బాల్యమున నట్టి గుడిసెలను నేను చూచినాను. పాఠకులలో నరువది దాటినవారు చూడనివారు తక్కువ.

ఈ యన్యాయము మనకే ప్రత్యేకమని తలపవలదు. యూదుల ధర్మగ్రంథమున లేవీయకాండము పదుమూడవ యధ్యాయమున, చర్మరోగిని యాజకుడు పరీక్షించి అశుచియని తీర్మానించినచో వాడు పాళెము వెలుపల నొంటిగ నుండవలెననియు, అశుచినని తానే కేక వేసికొనవలెననియు విధి గలదు. క్రీస్తు పుట్టినది యా శాసనము నెరిగిన జనములోనే. సువార్తలలో నాతడు కుష్ఠురోగిని బాగుచేసిన కథ గలదు. బాగుచేయుట యటుంచి, చేయి చాచి ముట్టె నని యందు వ్రాయబడియున్నది. మాటతో చేయదగినదానిని ముట్టి చేయుటయే యా కథకు ప్రాణమని నాకు తోచును. మత్తయి సువార్త యిరువదియైదవ యధ్యాయమున తుదితీర్పును గూర్చిన భాగము గలదు. ఆకలిగొన్నవానికిని, రోగికిని, చెరలో నున్నవానికిని చేసినది తనకే చేసినట్లని ప్రభువు చెప్పునని దాని సారాంశము. క్రైస్తవులలో సేవ యనునది భక్తికి అనుబంధము గాక భక్తియే యగుట కీ రెండు స్థలములు మూలము. మన భాగవతమునను భూతములయందు ఈశ్వరుని చూడుమనుట గలదు. చూచుటకును ముట్టుటకును నడుమ నెంత దూరమున్నదో యదియే యీ వ్యాసవిషయము.

నైజాము రాష్ట్రమున వెస్లియను మిషనువారు 1880 ప్రాంతమునుండి పనిచేసిరి. సికిందరాబాదు, మెదకు, సిద్దిపేట, కరీంనగరము, ఇందూరు వారి కేంద్రములు. ఇందూరనగా నేటి నిజామాబాదే. ఆ మిషనులో చేరి 1907లో వచ్చినవారు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్. ఇసబెల్ 1875లో స్కాట్లండులో జన్మించి, అబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యము చదివి, 1903లో పట్టమందెను. స్త్రీకి వైద్యవిద్య యింకను అరుదుగ నున్న దినము లవి. అదే సంవత్సరమున వివాహము. భర్త మతబోధకుడు. నిజామాబాదులో సామాన్యరోగులకు మందు లిచ్చుచుండగా కుష్ఠురోగులు వచ్చి వాకిట నిలువజొచ్చిరి. వారికి ఆ ప్రాంతమున నేర్పాటెద్దియు లేదు. 1911లో కెర్ దంపతులు వారికొరకు చిన్న యాశ్రయ మొకటి నెలకొల్పిరి. ఆ యేడే ఆరవ నిజాము గతించి ఏడవ నిజాము గద్దెనెక్కెను.

చిన్నచోటున స్వల్పసంఖ్యకు మాత్రమే తావు. తక్కినవారిని మరలింపవలసి వచ్చుచుండెను. అపుడు ముందుకు వచ్చినవారు నర్సాగౌడుగారు. వడ్డీవ్యాపారమున ధనము గడించిన గృహస్థు, హిందువు, జీవితాంతము హిందువుగనే యుండినవారు. వారి విరాళముతో నిజామాబాదునకు సుమారు పది మైళ్ల దూరమున, హైదరాబాదు రాదారిని ఆనుకొనియున్న డిచ్‌పల్లిలో, 1915లో విక్టోరియా కుష్ఠు వైద్యాలయము తెరువబడెను. డిచ్‌పల్లి గుట్టమీద శిల్పసంపదగల రామాలయము గలదు. యాత్రికులు దానిని చూచుటకు పోవుదురు. దాని చెంతనే, దేవాలయప్రవేశము గాని సంతలో ప్రవేశము గాని లేనివారికి గృహ మేర్పడినది. వైద్యాలయమునకు పేరు మాత్రము 1901లోనే కీర్తిశేషురాలైన విక్టోరియా రాణిది. డబ్బిచ్చిన గౌడుగారి పేరు గాదు. చేసిన కెర్ దొరసాని పేరును గాదు. దానము చేసి ద్వారముపై చలువరాతి పలక కోరని దాతలు మన కాలమున దొరకుట కష్టము.

నర్సాగౌడుగారు దాని నేల చేసిరి? వారి మనస్సులోని మాట మనకు వ్రాతరూపమున దక్కలేదు, కావున కల్పింపరాదు. చేసినపనినిబట్టి యొకటి మాత్రము చెప్పవచ్చును. సేవచేయు చేతులు అన్యమతస్థులవి యని వారు వెనుదీయలేదు. తీసికొనినవారును హిందువు ధనమని సంకోచింపలేదు. ఆ నాటి పత్రికలలో మిషనులవారికిని హిందూధర్మసభల వారికిని మతాంతరముల విషయమై వాదోపవాదములు కొదువలేదు. నిజామాబాదులో నీ యిరువురి నడుమ జరిగినది ఆ వాదములకు వేరైన మరియొక చరిత్ర.

ఇక చికిత్స. తొలినాళ్లలో కుష్ఠురోగుల యాశ్రమము లన్నియు వాస్తవమునకు అనాథశరణాలయములే. వ్రేళ్లు పోయి, చూపు పోయి, బిచ్చమెత్తుటకును శక్తిలేనివారిని చేర్చుకొని, అన్నమిడి, పుండ్లు కడిగి, మరణమువరకు కాపాడుట వాని పని. అదియు మహాసేవయే. కాని అచికిత్స్య మను మాట యక్కడను తలవాకిటనే నిలిచియుండెను. డిచ్‌పల్లి ప్రత్యేకత యా మాటను చెరిపివేయ యత్నించుట. 1920 ప్రాంతమున కలకత్తా ఉష్ణదేశ వైద్యవిద్యాలయమున లెనార్డ్ రోజర్సు, ఎర్నెస్టు మ్యూర్ అను వైద్యులు ఒక గింజల తైలమును సూదిమందుగ నిచ్చు పద్ధతిని వృద్ధిచేసిరి. ఇసబెల్ కెర్ దానిని డిచ్‌పల్లిలో నవలంబించి తొలిదశలోనే రోగులను రావించి చికిత్స చేయసాగెను.

ఆ గింజ యెద్దియో వినిన మన వైద్యులు సంతోషింతురు. పాశ్చాత్యులు హిడ్నోకార్పసు అని పిలుచు ఆ చెట్టు మన పడమటి కనుమలలో పెరుగును. సుశ్రుతుడు చికిత్సాస్థానము పదుమూడవ యధ్యాయమున పశ్చిమసముద్రతీరమున మొలచు తువరకవృక్షమును వర్ణించి, దాని పండ్లను తెచ్చి గింజలనుండి తైలము తీయు విధమును, కుష్ఠమున దానిని త్రాగించు క్రమమును విపులముగ చెప్పియున్నాడు. పండితులు రెండును ఒకటే యని గుర్తించిరి. మన గ్రంథములో నుండిన మందు మన రోగికి చేరుటకు స్కాట్లండునుండి ఒక స్త్రీ రావలసివచ్చెను. ఇది చెప్పునపుడు గర్వపడవలెనో తలవంచవలెనో నిర్ణయించుకొనలేక, రెండును చేయుచుందును.

ఆ తైలము సుఖమైన మందు గాదు. త్రాగినచో వాంతి, ఓకరముచే రోగులు మానివేయుచుండిరి. సూదితో నెక్కించినచో చిక్కని తైలము గావున నొప్పియు వాపును. వారము వారము, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి సాగవలెను. దానిచేత అందరును బాగుపడలేదు. ముదిరినవారి కది స్వల్పోపకారి. తొలిదశవారిలో కొందరికి మచ్చలు మాసి రోగము నిలిచిపోవుచుండెను. కాని ఆ ‘కొందరు’ ఇంటికి మరలి పోవుట యెంతటి మార్పో యోచింపుడు. పెద్దరోగ మని వెళ్లగొట్టబడినవాడు తన కాళ్లపై నడచి తన వాకిటికి తిరిగివచ్చెను. ఆ వార్త ఊరూర వ్యాపించెను. దాచుకొనినవారు బయటికి వచ్చిరి. వైద్యాలయము నూటయిరువది వరకు కట్టడములతో, నాలుగు వందలమంది రోగులతో నొక గ్రామముగ నెదిగెను. 1923లో సర్కారు ఇసబెల్ కెర్‌నకు కైసర్-ఇ-హింద్ పతకము నొసగెను. 1932లో ఆమె గతించెను. జార్జి కెర్ 1938 వరకు నిర్వహణభారమును మోసెను.

గ్రామమువలె ననుట యలంకారము గాదు. అట్టి వైద్యాలయములలో పనికి శక్తిగల రోగులు తోటపని చేసిరి, వంట వండిరి, లేవలేని తోటిరోగుల పుండ్లకు కట్లు కట్టిరి. సేవాచరిత్రలు వ్రాయువారు దాతను చెప్పుదురు, వైద్యుని చెప్పుదురు. ఈ మూడవచేతిని మరతురు. స్పర్శ తెలియని వ్రేళ్లతో పనిచేయుట యెట్టిదో యెరుగనివారికి చెప్పెదను. ఈ రోగము నరములను చంపును. కాలిన కుండ పట్టినను వేడి తెలియదు, ముల్లు గ్రుచ్చుకొనినను తెలియదు. రోగముచేత వ్రేళ్లు రాలిపోవునని లోకు లందురు గాని, నొప్పి తెలియమిచే కలిగిన గాయములు మానక వ్రేళ్లు అరుగుచున్నవి. అట్టి చేతులతో మరియొకని కాలికి కట్టు కట్టినవాడు ఏ మతస్థు డైనను, మత్తయి సువార్త చెప్పిన పనియే చేసినాడు.

ఇక సభలో తప్పక లేచు ప్రశ్న: ఇదంతయు మతమున గలుపుకొనుటకు వేసిన వల గాదా? ఈ ప్రశ్నను మర్యాదకొరకు దాటవేయుట నా కిష్టము లేదు. మిషనువారు మతప్రచారమునకే వచ్చిరి, వారది దాచలేదు. సేవచేతను మతము వ్యాపించునని యాశించినవారు వారిలో ననేకులు. స్వదేశమున విరాళములు సేకరించుటకు మన జనమును చీకటిలో మ్రగ్గు మూఢులుగ చిత్రించిన వ్రాతలును వారివి గలవు. చదివినపుడు మనస్సు నొచ్చును. ఆ కాలపు కుష్ఠాశ్రమములలో పెక్కింట స్త్రీపురుషులను వేరుచేసిరి, బిడ్డలను తల్లులనుండి దూరముగ పెంచిరి. ఇవన్నియు చరిత్రలో భాగమే.

ఐనను దీనికి రెండవవైపు గలదు. 1876–78 సంవత్సరములలో, మనము ధాతకరవని పిలుచు మహాక్షామమున, ఒంగోలులో నుండిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ చేసినది చూడుడు. బకింగుహాము కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ల పనిని ఆయన గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ఆ పనిలో మాదిగలు మిక్కుటముగ చేరిరి. క్రైస్తవమత మిమ్మని వారు గుంపులుగ నడిగినను కరవు తీరువర కాయన బాప్తిస్మ మీయక నిలిపివేసెను. అన్నముకొరకు మతము పుచ్చుకొనిరను నింద రాకుండుటకే యట్లు చేసెను. కరవు సడలి, సాయము నిలిచిపోయిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

విమర్శకులు దీనినిగూడ సాయఫలమే యందురు. కాదని నేను వాదింపను. మనిషి తనకు చేసిన మేలును మరచిపోడు. కాని కూలి ముగిసిన తరువాత వచ్చినవారిని కూటికై వచ్చిరనుట న్యాయము గాదు. వారిని రప్పించినది మెతుకు మాత్రమే గాక, మస్టరులో తమ పేరు పిలిచి, తమ గుడిసెలోనికి వంగి వచ్చి, తమతో మాటలాడిన యొక తీరు. ఆ తీరు మన గ్రామములలో వారికి లభించియుండినచో చరిత్ర మరియొక విధముగ నుండెడిది. వల విసరిరని పరులను నిందించుటకు ముందు, ఆ చేపలను ఒడ్డున బడవైచినవా రెవరని యడుగుకొనుట కులసభలకు విహితమైన పని. కులసభలలో ముప్పదియేండ్లు కూర్చున్నవాడను గనుక నీ మాట చెప్పుటకు నాకు అధికారము గలదని తలచుచున్నాను.

డిచ్‌పల్లి విషయమున దాత హిందువై యుండుట ఈ వాదమునకే మరియొక సమాధానము. మతము మార్చుటయే యా పనిలోని సర్వస్వమైనచో, నిజామాబాదులో తన కన్నులయెదుట జరుగుచున్నదానిని చూచిన వ్యవహారజ్ఞుడగు వడ్డీవ్యాపారి తన మూట విప్పియుండడు. కెర్ దంపతులు తమ విశ్వాసమును దాచలేదు. గౌడుగారు తమ విశ్వాసమును వదలలేదు. పుండు కడుగబడెను.

డిచ్‌పల్లి కథ 1938తో ముగియలేదు. అక్కడ పనిచేసిన వైద్యులలో జాన్ లో అను నాయన పిదప కలకత్తాకును, అటనుండి ఆఫ్రికాఖండమున నైజీరియా దేశములోని ఉజువాకోలికిని పోయెను. 1947 తరువాత నక్కడ డాప్సోను అను మందును బిళ్లగ నోటితో నిచ్చి, చౌకగ, సులభముగ కుష్ఠును అదుపుచేయవచ్చునని నిరూపించినవారిలో నాయన ముఖ్యుడు. మన దేశమున రాబర్టు కాక్రేను మొదలైనవారు అదే కాలమున అదే మందును ప్రయోగించిరి. తువరకతైలపు సూదికి సెలవు దొరకినది. తరువాత డాప్సోనునకు లొంగని క్రిములు పుట్టగా, ప్రపంచ ఆరోగ్యసంస్థ 1981లో బహుళౌషధచికిత్సను నిర్ణయించెను. తక్కువ మచ్చలవారి కారుమాసములు, ఎక్కువవారికి పండ్రెండు మాసములు బిళ్లలు మ్రింగినచో రోగము నశించును. మందు మొదలిడిన స్వల్పకాలములోనే యితరులకు సోకుట యుడుగును. మన దేశమున నది ఉచితము. 2005 డిసెంబరు నాటికి దేశము మొత్తమున పదివేల జనమునకు ఒక రోగికంటె తక్కువకు దిగినదని ప్రభుత్వము ప్రకటించెను. దిగినదే గాని పోలేదు. నేటికిని ప్రతివర్షము క్రొత్తరోగులు కనబడుచునే యున్నారు. మనుష్యులలో నూటికి తొంబదియైదుగురికి పైగ నీ రోగము సహజముగనే సోకదని వైద్యు లందురు.

ఈ సందర్భమున నొక సంస్కృతపండితుని కథ చెప్పక విడువలేను. పర్చూరే శాస్త్రియను మహారాష్ట్ర విద్వాంసునికి కుష్ఠు సోకెను. గాంధీమహాత్ముడు ఎరవాడ చెరలో నాయన నెరిగియుండెను. 1930ల చివర శాస్త్రి సేవాగ్రామమునకు రాగా, గాంధీ యాయనకు తన కుటీరమునకు సమీపముననే నెలవు చూపి, స్వయముగ పుండ్లు కడిగి, ఒడలికి తైలమర్దనము చేసెను. తన నిర్మాణకార్యక్రమమున కుష్ఠురోగుల సేవ నొక విధిగ చేర్చెను. ఈ దేశమున నీ సేవ నెక్కువగ చేసినవారు మిషనరీలే యని యాయన నిస్సంకోచముగ నొప్పుకొనియుండెను. స్పర్శకు సంకోచింపని హిందువు మెచ్చినది క్రైస్తవుని స్పర్శను. జనవరి 30వ తేదీ, ఆయన హతుడైన దినము, నేడు మన దేశమున కుష్ఠునివారణ దినముగ పాటింపబడుచున్నది.

మందు వచ్చినను మాట పోవుటకు కాలము పట్టును. యాజ్ఞవల్క్యుని అచికిత్స్యపదము స్వతంత్రభారత శాసనములలోను దూరి కూర్చుండెను. 1955 నాటి హిందూవివాహచట్టమున, తీవ్రమై చికిత్సకు లొంగని కుష్ఠు విడాకులకు కారణముగ వ్రాయబడెను. మందు దొరకి పదియేండ్లు గాకమునుపే యట్లు వ్రాయుట కొంత క్షమింపవచ్చును. బహుళౌషధచికిత్స వచ్చిన పిమ్మటను ముప్పదియేండ్లకు పైగ నది యట్లే నిలుచుటను ఏమందుము? 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దయ్యెను. వివాహచట్టములలోని యా మాట 2019లో తొలగింపబడెను.

మా ఇబ్రహీంపురమున గుట్టచుట్టు కందకములు త్రవ్వి, ప్రతి యింట ఇంకుడుగుంత నేర్పరచినది మీలో ననేకులు వచ్చి చూచినారు. గుంత త్రవ్వినవాని బావికే నీరు చేరునను నియమము లేదు. పల్లమున నున్న పొరుగువాని బావిలో నూరును. త్రవ్వునపుడు దానిని గూర్చి కొందరు గొణిగిరి గూడ. దాతలకు నర్సాగౌడుగారి దానమును అర్థమగునట్లు చెప్పవలసినపుడు నేనీ గుంతలనే చూపుచుందును.

చివరకు మన సంఘమునకు సంబంధించిన పని యొకటి. నేను పనిచేసిన కాలమున ఒక వసతిగృహమున, దాని పేరు చెప్పనొల్లను, ఎనిమిదవ తరగతి బాలుని వీపున పాలిపోయిన మచ్చ కనబడెను. గిచ్చినను వానికి తెలియకుండెను. బొల్లి యైనచో స్పర్శ యుండును, ఇందు లేదు. ఆ సాయంకాలమే వాని పెట్టెను వాకిట పెట్టి యింటికి పంపివేసిరి. బాలుడు ప్రభుత్వ వైద్యశాలలో నారుమాసములు బిళ్లలు మ్రింగి పూర్తిగ స్వస్థుడయ్యెను. కాని చదువున నొక సంవత్సరము పోయినది, తోటివారిలో నేస్తము పోయినది. ఆ వసతిగృహపు నియమావళిలో ‘అంటువ్యాధి గలవారిని చేర్చుకొనరాదు’ అను వాక్యము అందుకు ఆధారముగ చూపబడెను. మన సంఘమువారి విద్యార్థి వసతిగృహముల నియమావళిని మొన్న తిరిగి చూచితిని. ఇంచుమించుగ నదే వాక్యము మన పత్రములోను గలదు. మచ్చ కనబడినచో బాలుని వైద్యునియొద్దకు గొనిపోవుట వార్డెనుగారి బాధ్యత యనియు, చికిత్స పొందుచున్నవానిని గదినుండి గాని పంక్తినుండి గాని వేరుచేయరా దనియు ఆ వాక్యమునకు బదులుగ వ్రాసికొనవలెనని, రానున్న కార్యవర్గ సమావేశమున ఈ తీర్మానమును ప్రతిపాదింప వలసినదిగ కార్యదర్శిగారిని వ్రాతమూలకముగ కోరియున్నాను. తీర్మానప్రతిని కార్యాలయమున నుంచితిని; సభ్యు లెవరైనను చూడవచ్చును.